పొల్లు పోయిన పాట

ఏప్రిల్ వస్తే, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ అంతా పసుపు.

పైన్ చెట్ల పుప్పొడి. కార్ల మీద, మెట్ల మీద, మెయిల్ బాక్సుల మూతల మీద... ఎవరో తీరిగ్గా కూర్చుని జల్లెడ పట్టినట్టు. గాలి వీస్తే లేస్తుంది. గాలి ఆగితే వాలుతుంది. కళ్ళు మండుతాయి. గొంతులో గరగర. ఊరు ఊరంతా తుమ్ముతూ ఆఫీసుకు వెళ్తుంది, తుమ్ముతూ తిరిగి వస్తుంది.

గడపకు రాయని పసుపు. ఏ పేరంటానికీ పనికిరాని పసుపు.

శశికాంత్ కారు అద్దం మీద నీళ్ళు కొట్టి వైపర్ వేశాడు. వెనక సీట్లో ఉజ్వల బెల్టు పెట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. స్కూలుకు వేళయింది.

"నాన్నా, అమ్మ సాంగ్."

రోజూ ఇంతే. కారు కదలాలంటే పెట్రోలు ఒక్కటే చాలదు ఆ పిల్లకు.

సీడీ తిరిగింది. ముందు గిటారు. ఆ వెనక డ్రమ్ములు. ఆ తర్వాత ఒక మగగొంతు — దూరం నడిచి వచ్చి, దాహమేసి, నీళ్ళు అడగడానికి మొహమాటపడే గొంతు. పాట పెరిగింది. ఉరిమింది. అలిసింది. చివర అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

అప్పుడు ఒక ఆడగొంతు.

రా...

రా...

"వస్తున్నా!" అంది వెనక సీట్లోంచి ఉజ్వల.

శశికాంత్ అద్దంలో పిల్ల ముఖం చూశాడు.

పాటలో పిలిచింది దేదీప్య. ఉజ్వల తల్లి. ఆమె పోయి ఐదేళ్ళు.

* * *

ఆ బ్యాండ్ పేరు గుబార్.

గుబార్ అంటే ఉర్దూలో దుమ్ము. గాలికి లేచే దుమ్ము. మనసులో అణచుకున్న బాధను కూడా ఆ మాటే అంటారట. మనవాళ్ళు ఊరుకుంటారా... యూనివర్సిటీలో తెలుగు పిల్లలంతా దాన్ని 'గుబులు' అని పిలిచేవాళ్ళు. "ఈ శనివారం గుబులు ఉంది, వస్తున్నావా?"

పెట్టింది జుబేర్. హైదరాబాద్ మలక్‌పేట కుర్రాడు. మాస్టర్స్ చేయడానికి వచ్చి, చదువు సగం, గిటారు సగం చేసినవాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పాట ఒక్కటైనా లేకుండానే టీషర్టులు అచ్చు వేయించాడు.

పాటలు తర్వాత వచ్చాయి. దేవుణ్ణి స్నేహితుడిలా పిలిచే పాటలు. అలిగే పాటలు, నిందించే పాటలు, ఆ వెంటనే కాళ్ళు పట్టుకునే పాటలు. సూఫీల దారి అది. ఆ దారికి జుబేర్ ఎలక్ట్రిక్ గిటారు తగిలించాడు. కొండంత రాగం తీసి లొల్లాయి పాట పాడతాడని స్నేహితులు ఏడిపించేవాళ్ళు. అతను నవ్వి, రాగం ఇంకాస్త పెంచేవాడు.

దేదీప్య తెనాలి అమ్మాయి. చిన్నప్పుడే కీర్తనలు నేర్చింది. ఒక దీపావళి ఫంక్షన్లో, పేపర్ ప్లేట్ల చప్పుడు మధ్య, మైకు సరిగా పనిచేయకపోయినా పాడింది. సమోసా చేతిలో పట్టుకుని జుబేర్ అలా నిలబడిపోయాడు.

"మా బ్యాండ్ల పాడతవా?"

"నాకు ఉర్దూ రాదు."

"నాకు సంగీతం రాదు. సరికి సరి."

అలా చేరింది.

శశికాంత్‌కు శ్రుతి తెలియదు. లయ తెలియదు. కేబుళ్ళు చిక్కుపడకుండా చుట్టడం తెలుసు. ఏ ఊళ్ళో కచేరీ అయినా కారు నడిపేది అతనే, స్పీకర్లు మోసేది అతనే. పెళ్ళాం పాడుతుంటే గోడకు ఆనుకుని, చుట్టిన కేబుల్‌ను మళ్ళీ విప్పి చుట్టేవాడు. ఆ రోజుల్లో అతనికి అంతకంటే సుఖం తెలియదు.

* * *

ఆ పాట సంగతి చెప్పాలి.

జుబేర్ ఫోన్లో చెప్పాడు, దేదీప్య రాసుకుంది. తెలుగు అక్షరాల్లో. మనవాళ్ళ అలవాటే అది. తమిళమైనా, హిందీ అయినా, సంస్కృతమైనా — తెలుగు అక్షరాల్లోకి దించుకుంటే చాలు, కళ్ళు మూసుకుని పాడేస్తారు. అర్థం సంగతి తర్వాత. అర్థం ఎక్కడికీ పోదు.

దుమ్ములో దారి తప్పినవాడి పాట. దారి తప్పి, దిక్కు తోచక, దారినే అడుగుతాడు. ఓ దారీ, నన్ను ఎటు తీసుకుపోతున్నావు? చివర ఇంక అడిగే ఓపిక లేక, ఒక్క మాటే మిగులుతుంది. రాహ్... రాహ్...

రాహ్ అంటే దారి.

చివరి హకారం అక్షరం కూడా కాదు. ఒట్టి ఊపిరి. మనం దాన్ని పొల్లు అంటాం. ఫోను ఆ ఊపిరిని మింగేసింది.

"పొల్లు పోకుండా రాసుకున్నా," అని దేదీప్య భర్తకు గర్వంగా చెప్పింది.

పోయింది ఆ పొల్లే.

రికార్డింగ్ ఒక స్నేహితుడి గరాజ్‌లో. గోడలకు దుప్పట్లు, పరుపులు, ఎవరిదో పెళ్ళినాటి బొంత. దేదీప్యకు అప్పుడు ఐదో నెల. నడుం నొప్పి అని బార్ స్టూల్ మీద కూర్చుని పాడింది. చివరి మాట దగ్గరికి వచ్చింది. గిటారు ఆగింది. డ్రమ్ములు ఆగాయి. దుప్పట్ల గోడల మధ్య ఆమె గొంతు ఒక్కటే.

రా... అంది. పై స్థాయి నుంచి కిందికి, కిందికి, ఒడిలోకి దించుతున్నట్టు. రా...

పాడుతూ పాడుతూ చెయ్యి చాపింది.

జుబేర్ హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"చెయ్యి గట్లెందుకు ఊపుతున్నవ్?"

"రమ్మంటున్నా కదా."

"ఎవర్ని?"

"ఏమో. నువ్వేగా రాసింది. రా, రా అని."

"అది రా కాదమ్మా! రాహ్! రాహ్ అంటే తొవ్వ!"

గరాజ్ అంతా నవ్వు. దుప్పట్లు ఊగేంత నవ్వు. దేదీప్య కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "అయ్యయ్యో, మళ్ళీ పాడతా," అంది. ఈసారి పొల్లు పెట్టి పాడింది. సరిగ్గా పాడింది. మళ్ళీ మళ్ళీ పాడింది.

సరిగ్గానే ఉంది. అంతే. అంతకు మించి ఏమీ లేదు.

జుబేర్ రెండూ పక్కపక్కన పెట్టి విన్నాడు.

"తప్పే ఉండనీ," అన్నాడు. "తొవ్వను పిలిస్తే తొవ్వ పలుకుతదా? గీడ ఎవరో నిలబడి పిలుస్తున్నరు. గిదే బాగుంది."

తప్పు ఉండిపోయింది. ఆ తప్పే హిట్టయింది.

పాట అమెరికా దాటింది. కరాచీలో టాక్సీల్లో మోగిందని విన్నారు, మలక్‌పేటలో ఇరానీ హోటళ్ళలో మోగిందని విన్నారు. ఉర్దూ తెలిసినవాళ్ళు ఇంటర్నెట్‌లో తిట్టారు. ఆ అమ్మాయికి ఉచ్చారణ రాదు, చివరి మాట చంపేసింది అన్నారు. తెలుగువాళ్ళు ఏమీ అనలేదు. ఆ మాట వచ్చే చోట అదోలా మౌనంగా అయిపోయేవాళ్ళు.

* * *

జనవరి. నార్త్ కరోలినాలో మంచు కురవడం తక్కువ. మంచు గాజులా పరుచుకోవడం ఎక్కువ. వంతెనల దగ్గర బోర్డులు ఉంటాయి — రోడ్డు కంటే ముందు వంతెన గడ్డ కడుతుంది అని. రోజూ చూసే బోర్డు. రోజూ చూసేదాన్ని ఎవరు చదువుతారు?

ఉజ్వలకు అప్పుడు మూడేళ్ళు. దగ్గు. శశికాంత్ భుజం మీద నిద్రపోతోంది. దేదీప్య కారు తాళాలు చేతిలో పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి షూ వేసుకుంది. పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

"వస్తా," అంది.

మనలో ఎవరూ వెళ్తా అనరు. వస్తా అనే వెళ్తారు.

వంతెన ముందే గడ్డ కట్టింది.

అప్పటి నుంచి దారి అన్న మాట శశికాంత్‌కు పడదు. దారి ఆమెను తీసుకుంది. తీసుకుని, మర్నాడు ఎండ రాగానే, ఏమీ ఎరగనట్టు ఆరిపోయి, అందరినీ ఆఫీసులకు మోసుకుపోయింది. దానికేం. అది దారి.

గుబార్ ఇంకో రెండేళ్ళు ఈడ్చింది. ఇంకో అమ్మాయి వచ్చి పాడింది. బాగా పాడింది, పాపం. కానీ చివరి మాట దగ్గర జుబేర్ ఆమె వైపు చూసేవాడు కాదు. ఒక కచేరీ మధ్యలో గిటారు దించేసి కిందికి దిగిపోయాడు. ఉత్తరాన పిస్కాటవేలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. దుమ్ము వాలింది.

* * *

ఉజ్వలకు తల్లి ముఖం ఫోటోల్లో తెలుసు.

వీడియోలూ ఉన్నాయి. వాటిలో అమ్మ ఒక చంటిపిల్లతో మాట్లాడుతుంది. బూరెబుగ్గల చంటిపిల్ల. చెంచా విసిరేసే చంటిపిల్ల. అది తనేనని ఉజ్వలకు నమ్మకం కుదరదు. "దట్స్ ఎ బేబీ, నాన్నా. నేను కాదు," అంటుంది. అమ్మ ఎవరో పాపతో ఆడుకుంటుంటే కిటికీలోంచి చూస్తున్నట్టు చూస్తుంది. మధ్యలో లేచి వెళ్ళిపోతుంది.

పాట సంగతి వేరు.

పాటంతా తెలియని భాష. రాళ్ళూ రప్పలూ, దుమ్మూ ధూళీ. అందులో ఒక్క మాట మాత్రం ఇంట్లో మాట. అన్నానికి రా. స్నానానికి రా. షూస్ వేసుకుని రా. రోజుకు ఎన్నిసార్లో వినే మాట. అంత పెద్ద పాటలో అమ్మ తనతో అన్న ఒకే ఒక్క మాట.

పిలిస్తే పలకాలి కదా. నాన్న నేర్పిందే.

వస్తున్నా!

మొదట్లో శశికాంత్ నవ్వాడు. తర్వాత నవ్వు మానేశాడు. ఆ పాట చివర పిల్ల ముఖాన్ని అద్దంలో చూడటం అలవాటైంది. ఆ ముఖంలో ఆట లేదు.

సుమతి పక్క వీధిలో ఉంటుంది. స్కూలు అయ్యాక ఉజ్వలను తన పిల్లలతో పాటు తీసుకొచ్చి, శశికాంత్ వచ్చేదాకా చూసుకుంటుంది. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించింది.

"శశికాంత్ గారూ, ఏమీ అనుకోకండి. ఇవాళ మా ఇంట్లో కూడా ఆ పాట పెట్టించుకుంది. వస్తున్నా వస్తున్నా అంటోంది. పోయినవాళ్ళు పిలిస్తే పలక్కూడదండీ. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది. మీరైనా చెప్పాలి."

"పాటేగా, సుమతి గారూ."

"పాటేననుకోండి..."

నవ్వేశాడు. కానీ తలుపుల మీద సుద్దముక్కతో 'రేపు రా' అని రాసిన రోజుల్లో పెరిగినవాడే అతనూ. అమెరికా వచ్చి, కంప్యూటర్ల తప్పులు వెతికే ఉద్యోగం చేసినంత మాత్రాన, చిన్నప్పటి భయాలు పాస్‌పోర్ట్ చూపించి వెనక్కి పోవు. నవ్వు తలుపు వేసేలోపే ఆరిపోయింది.

* * *

పసుపు ఇంకా రాలుతుండగానే జుబేర్ ఫోన్ చేశాడు.

"భాయ్, నవ్వకు. గుబార్‌ది గ్రేటెస్ట్ హిట్స్ తెస్తున్నరట."

"మీరు చేసిందే రెండు ఆల్బమ్‌లు."

"అదే నేను కూడా అన్న. ఉన్నవన్నీ హిట్సే అన్నరు."

ఇద్దరూ నవ్వారు. చాలా కాలానికి నవ్వారు. అటువైపు నవ్వు ముందు ఆగింది.

"ఒక ముచ్చట చెప్పాలె. కంపెనీవాళ్ళు ఆ పాట చివర పెడదామంటున్నరు. ఆఖరి పాట. కానీ ఆ మాట సరిచేస్తరట. ఇన్నేండ్ల నుంచి మంది తిడుతున్నరు, ఈసారి మంచిగ పోవాలె అంటున్నరు. ఆమె గొంతు ముట్టుకోరు. చివర నా ఊపిరి అతికిస్తే రాహ్ అయితదట. ఇంటర్నెట్ల ఉన్న పాత వీడియోలు కూడా అన్నీ తీసేసి కొత్తది పెడతరు, అసలు రికార్డింగ్ మీదనే దిద్దుతరట."

శశికాంత్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నాకైతే ఇష్టం లేదు. కానీ నేనెవర్ని? నీ మాటే చివరి మాట అని చెప్పిన. నువ్వు వద్దంటే నేను కొట్లాడత."

"చూద్దాం," అన్నాడు శశికాంత్.

చూద్దాం అంటే కాదని మనవాళ్ళలో ఒక అర్థం ఉంది. అప్పటికి అతను ఆ అర్థంలోనే అన్నాడు.

* * *

శనివారం. కిటికీలు తెరిచే ఉన్నాయి. హాల్లో పాట. వంటింట్లో శశికాంత్ పప్పుకు పోపు వేస్తున్నాడు. ఆవాలు చిటపటలాడాయి. పాట పెరిగింది. ఉరిమింది. అలిసింది. ఆగింది.

రా...

రా...

అతను చెవి అటు పడేశాడు. రోజూ వచ్చే జవాబు రాలేదు.

పోపు మాడింది. హాల్లోకి వచ్చాడు. సోఫా ఖాళీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

గుమ్మంలోకి వచ్చాడు.

ఉజ్వల రోడ్డు అంచున నిలబడి ఉంది. షూస్ వేసుకుంది. స్కూలు బ్యాగు తగిలించుకుంది. బ్యాగు పక్క జేబులో నీళ్ళ సీసా. ఒక లారీ పసుపు దుమ్ము రేపుకుంటూ ఆమె ముందు నుంచి వెళ్ళింది. పిల్ల కనిపించలేదు. దుమ్ము. దుమ్ము... దుమ్ము వాలాక మళ్ళీ కనిపించింది.

అతను పరుగెత్తాడు. రెక్క పట్టుకుని లాగాడు. పిల్ల బిత్తరపోయింది.

"ఎక్కడికి? ఎక్కడికి బయల్దేరావు?"

"అమ్మ రా అంది కదా. ఎవ్రీడే వస్తున్నా అంటాను, కానీ వెళ్ళను. అది లైయింగ్ కదా, నాన్నా?"

"ఎక్కడికని వెళ్తావు?"

"ఐ డోంట్ నో. అమ్మ ఎక్కడికో చెప్పదు. రోడ్‌కి వెళ్తే తెలుస్తుంది అనుకున్నా."

అతను పుప్పొడిలోనే కూలబడ్డాడు. పిల్లను ఒళ్ళోకి లాక్కున్నాడు. పిల్ల జుట్టంతా పసుపు. అతని చేతులంతా పసుపు. భయమంటే ఏమిటో అతనికి ఆ రోజు తెలిసింది. దేదీప్య పోయిన రోజు కూడా అంత భయపడలేదు. ఆ రోజు జరిగిపోయాక తెలిసింది. ఇది ఇంకా జరగలేదు.

లోపల పాట మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. అతను లేచి వెళ్ళి ఆపేశాడు.

* * *

"సరిచేయమను," అన్నాడు ఫోన్లో.

"సోంచాయించినవా? ఆలోచించే అంటున్నవా?"

"ఊఁ."

"భాయ్, ఒక్క మాట. ఆ దినం నువ్వు కేబుల్ చుట్టుకుంట కింద కూర్చున్నవ్, చూడలే. పాడేటప్పుడు ఒక చెయ్యి చాపింది కదా. ఇంకో చెయ్యి యాడుండెనో తెలుసా?"

శశికాంత్ కళ్ళు మూసుకున్నాడు.

"కడుపు మీద. ఏమో అన్నది కానీ, ఎవర్ని పిలుస్తుందో నేను కండ్లార చూసిన. అందుకే ఉండనీ అన్న. తొవ్వా గివ్వా ఊరికే చెప్పిన."

కిటికీ బయట పైన్ చెట్లు ఊగుతున్నాయి. గాలిలో పసుపు తెర ఒకటి లేచి, ఆలోచించి, పక్కింటి మీద వాలింది. రా అని పిలిచింది. ఈ లోకంలోకి రా అని పిలిచింది. పిల్ల వచ్చింది. పిలిచిన మనిషి వెళ్ళిపోయింది. పిలుపు మాత్రం ఇక్కడే ఆగిపోయింది. ఇప్పుడు అదే పిలుపు అటువైపు నుంచి వినిపిస్తోంది. అది తల్లి మాటే. ఏ వైపు నుంచి అంటే ఆ అర్థం వచ్చే మాట. ఆ రెంటికీ తేడా ఎనిమిదేళ్ళ పిల్లకు ఎలా చెప్పాలి?

"తెలుసు," అని అబద్ధం ఆడాడు. "అయినా సరిచేయమను."

 

"సరే, భాయ్," అన్నాడు జుబేర్.

పాత సీడీని శశికాంత్ చెత్తబుట్టలో వేయలేదు. అక్కడైతే మళ్ళీ తీస్తాడని తెలుసు. చెత్తబండి వీధి మలుపు తిరిగేదాకా చేతిలోనే పట్టుకున్నాడు. బండి వచ్చాక డబ్బాలో పడేసి పక్కకు జరిగాడు. ఇనుప చెయ్యి డబ్బాను ఎత్తింది, వంచింది, దించింది. పిల్లను బతికించుకున్నాననుకున్నాడు. అనుకుని ఇంట్లోకి వచ్చి, ఎవరో చచ్చిపోయినట్టు ఏడ్చాడు.

* * *

వానలు వచ్చి పసుపును కడిగేశాయి. ఎండలు వచ్చాయి. మిణుగురులు వచ్చి వెళ్ళాయి.

"అమ్మ సాంగ్, నాన్నా?"

"సీడీ పాడైపోయింది తల్లీ. కొత్తది వస్తోంది."

"గ్రేటెస్ట్ హిట్స్?"

"అదే."

ఆ మాట ఉజ్వలకు నచ్చింది. స్కూల్లో అందరికీ చెప్పుకుంది. మా మామ్‌కి గ్రేటెస్ట్ హిట్స్ వస్తోంది. ఎవరో, మీ మామ్ చనిపోయింది కదా అన్నారట. "సో?" అందట ఇది. సుమతికి ఆ ముక్క చెప్పి మరీ నవ్వింది.

ఆ వేసవంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిల్ల రోడ్డు వైపు వెళ్ళలేదు. బ్యాగు హాల్లో మూల పడి ఉంది. శశికాంత్‌కు నిద్ర పట్టింది. సుమతి కూడా, "ఇప్పుడు నయం కదండీ," అంది. నయమే. నయమైనవాడిలా అన్నం తిన్నాడు, ఆఫీసుకు వెళ్ళాడు, తప్పులు వెతికాడు, దిద్దాడు. ఒక్కోసారి కారులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాటను నోటితో అనబోయేవాడు. ఆ గొంతు గుర్తు తెచ్చుకుందామని. తన గొంతే అడ్డం వచ్చేది.

* * *

ఆకులు రాలే కాలంలో పార్సిల్ వచ్చింది.

అట్ట మీద దుమ్ములో పోతున్న మట్టిరోడ్డు. వెనక పాటల పేర్లు. ఆఖరి పాట పక్కన దేదీప్య పేరు. ఉజ్వల ఆ పేరు మీద వేలు పెట్టి, నెమ్మదిగా, అమెరికన్ నాలుకతో చదివింది. తర్వాత అట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"కార్‌లో, నాన్నా. కార్‌లోనే వినాలి."

బయల్దేరారు. ఎక్కడికని అనుకోలేదు. పాటలు ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కొక్కటే పోయాయి. ఉజ్వల ఏదీ దాటనివ్వలేదు. వరసగా రావాలంది. ఆఖరి పాట మొదలైంది. గిటారు. డ్రమ్ములు. దాహమేసిన గొంతు. పాట పెరిగింది. ఉరిమింది. అలిసింది.

పిల్ల ముందుకు వంగింది. బెల్టు భుజానికి కోసుకుంటున్నా వంగింది. నోరు సగం తెరిచి సిద్ధంగా ఉంది.

రాహ్...

రాహ్...

ఇంజనీరు పనిమంతుడు. ఎక్కడా అతుకు కనిపించలేదు. దేదీప్య గొంతు పైనుంచి దిగి, దిగి, దిగి... ఒడి చేరేలోపు ఒక మగ ఊపిరి వచ్చి మెల్లగా తలుపు వేసింది.

ఉజ్వల నోరు తెరిచే ఉంది.

"అగైన్," అంది.

మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే. పొల్లు పోకుండా అదే.

"అమ్మ ఏం అంటుంది, నాన్నా?"

"రాహ్ అంటోంది. ఉర్దూ మాట అది. దారి అని అర్థం."

"రా కాదు?"

"కాదు తల్లీ."

పిల్ల కిటికీ వైపు తిరిగింది. చెట్లు వెనక్కి పోతున్నాయి. చాలా చెట్లు పోయాక అడిగింది.

"సో... నన్ను ఎప్పుడూ పిలవలేదు?"

అతను కారు పక్కకు తీసి ఆపాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఇంత కాలం ఏ మాట పిల్ల చెవిన పడకూడదనుకున్నాడో, ఆ మాట చెప్పకుండా ఇంక బతకలేననిపించింది.

"పిలిచింది," అన్నాడు. "నువ్వు పుట్టకముందే పిలిచింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, రా అని పిలిచింది. నిన్నే. ఒట్టు."

ఉజ్వల కళ్ళు పెద్దవయ్యాయి. బెల్టు తీసేసింది. రెండు సీట్ల మధ్య నుంచి తల ముందుకు పెట్టింది. వెచ్చటి ఊపిరి అతని చెవికి తగిలింది.

"వినిపించు."

అతను ప్లేయర్ మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"నాన్నా. వినిపించు."

"లేదు తల్లీ."

"ఎక్కడ ఉంది?"

"లేదు."

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. వెనక్కి జరిగి సీట్లో కూర్చుంది. కిటికీ అద్దం దించింది. చలిగాలి, పైన్ జిగురు వాసన లోపలికి వచ్చాయి. పిల్ల తల బయటికి పెట్టి, చెట్ల వైపు, చెట్ల పైకి చూసింది. పాట చివరి మాటను పై స్థాయి నుంచి అందుకుంది. తల్లి ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడి నుంచే. ర పలకడం మనవాళ్ళలా రాలేదు. స్వరం మాత్రం ఎక్కడా తప్పలేదు.

రా...

అమ్మా, రా...

పాడి, ఆగి, చెవి ఒగ్గింది.

గాలి వీస్తే పైన్ ఆకులు రాలాయి. సన్నగా, గోధుమ రంగులో, కారు అద్దం మీద. గాలి ఆగినా రాలాయి...

శశికాంత్ ఇంజన్ ఆపేశాడు. అతనూ చెవి ఒగ్గాడు.